‘యెహోవా’: అపోహలు – వాస్తవాలు

తెలుగు బైబిలు చదివేవారికి 23వ కీర్తన మొదలయ్యేదే ‘యెహోవా’ అనే పేరుతో. హీబ్రూ మూలంలో 6,800కు పైగా సార్లు వచ్చే పేరు ఇది. దీని గురించి ప్రసంగాల్లో, వాట్సాప్ సందేశాల్లో తిరిగే కొన్ని మాటలకు మాత్రం ఆధారం లేదు.

అపోహ: మోషే కాలంలోనూ ‘యెహోవా’ అనే పలికేవారు.

వాస్తవం: పాత హీబ్రూ రాతలో అచ్చులకు గుర్తులు లేవు. ఈ పేరు యోద్, హే, వావ్, హే అనే నాలుగు హల్లులు. దాన్ని పలకకుండా ‘అదొనాయ్’, అంటే ప్రభువు, అని చదవడం యూదుల ఆచారం. మధ్యయుగాల్లో మసొరెట్లు అనే యూదు పండితులు అచ్చుల గుర్తులు చేర్చినప్పుడు, ఆచారం గుర్తుండేలా ‘అదొనాయ్’ అచ్చులనే కొద్ది మార్పుతో ఈ హల్లులకు పెట్టారని ఎక్కువమంది పండితుల వివరణ. ఆ రెంటినీ కలిపి చదవగా పుట్టిన రూపమే యెహోవా. 1530లో విలియం టిండేల్ దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చాడు.

అపోహ: యూదులు ఆ పేరును గ్రంథాల్లోంచి తీసేశారు.

వాస్తవం: పలకడం మానారే గాని రాయడం మానలేదు. మృతసముద్రపు గ్రంథపు చుట్టలు కొన్నింటిలో మిగతా పాఠమంతా మామూలు లిపిలో ఉంటే, ఈ పేరు ఒక్కటే మరింత పాత హీబ్రూ లిపిలో ఉంది. అది భక్తికి గుర్తు.

అపోహ: అసలు ఉచ్చారణ ‘యావే’ అని రుజువైపోయింది.

వాస్తవం: అది బలమైన ఊహ, రుజువు కాదు. 5వ శతాబ్దపు గ్రీకు రచయిత థియొడొరెట్ నమోదు చేసిన రూపం దానికి దగ్గరగా ఉంది. ‘హల్లెలూయ’లోని చివరి అక్షరం, ఏలీయా, యెషయా పేర్ల చివరి ‘యా’ మొదటి భాగానికి సాక్ష్యం. రెండో భాగంపై చర్చ ముగియలేదు.

అపోహ: అయితే తెలుగు బైబిలులో ఉన్నది తప్పు పేరు.

వాస్తవం: భాష మారితే పేరు రూపం మారుతుంది. ‘యిర్మెయాహు’ మనకు యిర్మీయా అయ్యాడు, ఎవరూ తప్పనరు. 1611 నాటి ఇంగ్లిషు కింగ్ జేమ్స్ బైబిలు చాలాచోట్ల ఈ పేరుకు బదులు ‘లార్డ్’ అనే బిరుదు వాడింది. మన అనువాదకులు పేరును పేరుగానే ఉంచారు. ఉచ్చారణ చరిత్ర తెలుసుకున్నంత మాత్రాన ఆ పేరుతో చేసే ప్రార్థనకు లోటేమీ రాదు. ఎదుటివారి ఉచ్చారణ తప్పంటూ వాదనకు దిగే అవసరం మాత్రం పోతుంది.