నియతకాల సమావేశములు

దేశాధినేతలు వివాదము ముదిరిన పిదప గాక, నియతకాలమున కలసికొనుట మేలు. తిథి ముందే ఏర్పడినచో, పిలిచినవాడు తగ్గెనను మాట రాదు. భారత, రష్యా దేశములు 2000లో వార్షిక శిఖరాగ్ర సమావేశముల పద్ధతిని నెలకొల్పినవి.

ఈ నీతి పొరుగు రాష్ట్రములకును చెల్లును. నాగార్జునసాగరము ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము సీమలను దాటి నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతములకు వచ్చుచున్నది. 2014లో తెలంగాణము వేరుపడగా ఎగువభాగము ఒక రాష్ట్రమునను, చివరిభాగము వేరొక రాష్ట్రమునను నిలిచినవి. జలవివాదములను తీర్చుటకు కేంద్ర జలవనరుల మంత్రి అధ్యక్షుడుగా, ఇరు ముఖ్యమంత్రులు సభ్యులుగా అపెక్స్ కౌన్సిల్ అను ఉన్నతమండలి ఏర్పడెను. అది 2016లో ఒకమారు, మరల 2020లో సమావేశమయ్యెను. నడుమ నాలుగేండ్లు గడచెను.

పైరు నాలుగేండ్లు వేచియుండదు. ఏటేటా నాట్లకు ముందే నేతలు కలసి మాటాడుకొనిన, కాలువ చివరి రైతునకు నిబ్బరము కలుగును.