ప్రదర్శనమునకు పోవు తొలి కోడి

కోళ్ల ప్రదర్శనము 1845వ సంవత్సరమున లండను జంతుశాలయందు మొదలయ్యెను. తెలుగు పల్లెలలో పెంచు అసీలు జాతిని అమెరికావారు తమ ప్రమాణ గ్రంథమున 1981లో చేర్చుకొనిరి.

వ్యవసాయ ప్రదర్శనమునకు తొలిసారి పుంజును కొనిపోవువారు, దానిని వారము దినములు ముందుగా గంప క్రిందగాక ఊచల పంజరమునందుంచి, మనుష్యుల చేతికి అలవాటు చేయవలెను. పెరటిలో రాజువలె తిరుగు పుంజు పంజరమున ముడుచుకొనినయెడల, తీర్పరి దాని నిలువును చూడజాలడు. అసీలునకు నిలువే అందము. కాళ్లు కడిగి కొంచెము నూనె రాచిన చాలును. ఈకలకు రంగు పూయుట మోసము.

బహుమానముకంటె తిరుగు ప్రయాణమునందే జాగ్రత్త యెక్కువ కావలెను. భారతదేశమున 1927లో రాణీఖేతునొద్ద గుర్తింపబడిన కొక్కెర తెగులు, పలు ఊళ్ల కోళ్లు ఒకచోట చేరినప్పుడు సులభముగా అంటును. కావున ముందే టీకా వేయించి, తిరిగివచ్చిన కోడిని రెండు వారములైనను వేరుగా నుంచి, తక్కిన కోళ్లకు మేత వేసిన తరువాతనే దానికి వేయవలెను. గెలిచిన పుంజును ఆ సాయంకాలమే మందలో విడువవలెనని పిల్లలు మారాము చేయుదురు!