సందిగ్ధ రెనాల్డ్స్ సంఖ్య: గొట్టపు ప్రవాహంలో సంక్షుబ్ధత పుట్టుక – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గొట్టంలో ప్రవహించే ద్రవం ఒక హద్దు దాటగానే ధారారేఖా ప్రవాహం నుంచి సంక్షుబ్ధ ప్రవాహంగా మారుతుందని తరగతి గదుల్లో బోధించడం పరిపాటి. ఆ హద్దును కొన్ని పుస్తకాలు 2000గా, మరికొన్ని 2300గా చెబుతాయి. ఇంకొన్ని 2000, 4000 మధ్యనున్న సంధిదశగా పేర్కొంటాయి. ఈ తేడాలకు కారణం కొలతల్లోని లోపం కాదని, ఒకే పేరు కింద వేర్వేరు ప్రశ్నలు కలిసిపోవడమేనని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1883 నాటి రెనాల్డ్స్ ప్రయోగం మొదలుకొని 2011లో నిర్ధారితమైన 2040 అనే విలువ వరకు సాగిన పరిశోధన ఇందుకు ఆధారం.

కీలకపదాలు: ద్రవగతిశాస్త్రం, ధారారేఖా ప్రవాహం, సంక్షుబ్ధ ప్రవాహం, రెనాల్డ్స్ సంఖ్య, స్నిగ్ధత, పఫ్.

1. ఉపోద్ఘాతం

ద్రవం నెమ్మదిగా కదిలేటప్పుడు దాని పొరలు ఒకదానిపై ఒకటి జారుతూ సమాంతరంగా సాగుతాయి. స్నిగ్ధత ఆ పొరలను అదుపులో ఉంచుతుంది. వేగం పెరిగితే జడత్వానిది పైచేయి అవుతుంది, సుడులు పుడతాయి. ఈ రెండింటి బలాబలాలను తూచే కొలమానమే రెనాల్డ్స్ సంఖ్య. ద్రవ సాంద్రతను సగటు వేగంతోను, గొట్టపు లోపలి వ్యాసంతోను గుణించి, స్నిగ్ధతా గుణకంతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది. దీనికి ప్రమాణాలు లేవు. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద నీరు 2 సెంటీమీటర్ల గొట్టంలో సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో పోతుంటే దాని విలువ సుమారు 2000. అంటే ఇళ్లలోని సాధారణ కుళాయి గొట్టాల్లో ఈ విలువను దాటడం నిత్యకృత్యమే.

ఈ హద్దు ఎక్కడుందో తెలియడం వల్ల ప్రయోజనం చిన్నది కాదు. 19వ శతాబ్దపు తొలి సగంలో హాగెన్, పాయిసెలీ విడివిడిగా చేసిన ప్రయోగాల ప్రకారం ధారారేఖా ప్రవాహంలో పీడన నష్టం వేగానికి అనులోమానుపాతంలో ఉంటుంది. సంక్షుబ్ధ ప్రవాహంలో అది అంతకంటే చాలా త్వరగా పెరుగుతుంది. రెనాల్డ్స్ సంఖ్య 2300 ఉన్నచోట ధారారేఖా సూత్రం ప్రకారం ఘర్షణ గుణకం 0.028 కాగా, నునుపైన గొట్టాలకు బ్లాసియస్ ఇచ్చిన సంక్షుబ్ధ సూత్రం ప్రకారం 0.046 వరకు ఉంటుంది. వేగం, గొట్టం, ద్రవం అవే అయినా పంపు పెట్టవలసిన శక్తి ఒకటిన్నర రెట్లు దాటుతుందన్నమాట.

2. రెనాల్డ్స్ కనుగొన్న రెండు హద్దులు

మాంచెస్టర్‌లోని ఓవెన్స్ కళాశాలలో ఇంజనీరింగ్ ఆచార్యుడైన ఆస్బర్న్ రెనాల్డ్స్ 1883లో తన ప్రయోగ ఫలితాలను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. నీటి తొట్టెలో గాజు గొట్టాన్ని అమర్చి, దాని ముఖద్వారాన్ని బాకా ఆకారంలో నునుపుగా తీర్చాడు. తొట్టెలోని నీరు పూర్తిగా నిలకడ పొందాక గొట్టం మధ్యలోకి సన్నని రంగుధారను వదిలాడు. తక్కువ వేగంలో ఆ ధార గీత గీసినట్లు సాగింది. వేగం పెంచగా ఒకచోట అకస్మాత్తుగా చెదిరి గొట్టమంతా రంగు వ్యాపించింది. విద్యుత్ మెరుపు వెలుగులో చూసినప్పుడు అందులో విడివిడి సుడులు కనిపించాయి.

ఈ ప్రయోగంలో నేటి లెక్కన 12,000కు పైబడిన విలువల వద్దగాని ప్రవాహం చెదరలేదు. అయితే రెనాల్డ్స్ అక్కడితో ఆగలేదు. సీసపు గొట్టాల్లోకి నీటిని ముందే చెదిరిన స్థితిలో పంపి, అది ఏ విలువ వద్ద తిరిగి నెమ్మదిస్తుందో పీడన నష్టాన్ని బట్టి కొలిచాడు. ఈ పద్ధతిలో వచ్చిన హద్దు 2000 దరిదాపుల్లో ఉంది. ఒకే ప్రవాహానికి రెండు హద్దులు ఉండటం ఆయన గుర్తించిన ముఖ్య విషయం. 1908లో సోమర్‌ఫెల్డ్ ఈ సంఖ్యకు రెనాల్డ్స్ పేరు పెట్టాడు. సంఖ్య పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది కాని, రెండు హద్దులన్న సంగతి మరుగున పడింది.

3. పై హద్దు ఎందుకు లేదు?

పై హద్దు గొట్టానికి సంబంధించినది కాదు, ప్రయోగశాలలోని ప్రశాంతతకు సంబంధించినది. 20వ శతాబ్దపు తొలినాళ్లలో ఎక్‌మన్ రెనాల్డ్స్ పరికరంతోనే సుమారు 40,000 వరకు ధారారేఖా ప్రవాహాన్ని నిలపగలిగాడు. 1961లో ఫెనింగర్ దానిని 1,00,000 వరకు తీసుకుపోయాడు. ప్రవేశద్వారం ఎంత నునుపైతే, పరిసరాల కంపనాలు ఎంత తగ్గితే హద్దు అంతగా పైకి జరుగుతుంది.

సిద్ధాంతమూ ఇదే చెబుతుంది. వృత్తాకార గొట్టంలోని పూర్తిగా వికసించిన ధారారేఖా ప్రవాహంలో అత్యల్ప పరిమాణపు అలజడులన్నీ చివరకు అణగిపోతాయని స్థిరత్వ గణనలు సూచిస్తున్నాయి. రెనాల్డ్స్ సంఖ్యను ఎంత పెంచినా ఈ ఫలితం మారలేదు. కాబట్టి సంక్షుబ్ధత దానంతటదే పుట్టదు, ఒక కనీస పరిమాణంగల అలజడి దానిని రేపాలి. ఆ కనీస పరిమాణం రెనాల్డ్స్ సంఖ్యకు విలోమానుపాతంలో తగ్గుతుందని హోఫ్, జుయెల్, మలిన్ 2003లో ప్రయోగపూర్వకంగా చూపారు. అధిక వేగాల్లో చిన్న కుదుపు కూడా సరిపోవడానికి కారణం ఇదే.

4. కింది హద్దు: చావుపుట్టుకల తూకం

కింది హద్దు వద్ద ప్రశ్న వేరు. ఒకసారి రేగిన సంక్షుబ్ధత నిలుస్తుందా, నశిస్తుందా అన్నదే ఇక్కడి విచారణ. ఈ ప్రాంతంలో సంక్షుబ్ధత గొట్టమంతా పరచుకోదు. ప్రశాంతమైన నీటి నడుమ చిన్న చిన్న ఖండాలుగా ప్రయాణిస్తుంది. రెనాల్డ్స్ కూడా వీటిని చూశాడు. 1973లో విగ్నాన్స్కీ, షాంపేన్ వీటిని వివరంగా అధ్యయనం చేసి ‘పఫ్’లని వ్యవహరించారు. పఫ్ తన నిడివిని దాదాపు మార్చుకోకుండా సగటు వేగానికి దగ్గరి వేగంతో సాగుతుంది.

2006లో హోఫ్ బృందం 4 మిల్లీమీటర్ల వ్యాసం, 30 మీటర్ల పొడవుగల గొట్టంలో పఫ్‌ల ఆయుర్దాయాన్ని కొలిచింది. ఏ పఫ్ ఎప్పుడు అంతరిస్తుందో ముందుగా చెప్పలేము. రేడియోధార్మిక పరమాణువు మాదిరిగానే దానికి గతస్మృతి లేదు, సగటు ఆయుర్దాయం మాత్రమే ఉంది. రెనాల్డ్స్ సంఖ్య పెరిగేకొద్దీ ఆ ఆయుర్దాయం అతివేగంగా పెరుగుతుంది. అయినా అనంతం కాదు. దీంతో చిక్కు వచ్చింది. ప్రతి పఫ్‌కూ మరణం తప్పనప్పుడు సంక్షుబ్ధత శాశ్వతంగా ఎలా నిలుస్తుంది?

దీనికి సమాధానం పఫ్ విభజనలో దొరికింది. కొంత కాలానికి ఒక పఫ్ ముందుభాగం నుంచి మరో పఫ్ విడివడుతుంది. రెనాల్డ్స్ సంఖ్య పెరిగితే విభజనకు పట్టే సగటు కాలం తగ్గుతుంది. మరణానికి పట్టే కాలం, విభజనకు పట్టే కాలం సమానమయ్యే చోటే నిజమైన హద్దు. కెర్‌స్టిన్ ఆవిలా, హోఫ్, బార్‌క్లీ తదితరులు 2011లో ఆ విలువను 2040గా, 10 అటూఇటూ తేడాతో నిర్ధారించారు. ఒక రోగి కోలుకునేలోపు సగటున ఒకరికంటే ఎక్కువమందికి వ్యాధి సోకితే అంటువ్యాధి నిలదొక్కుకుంటుంది, లేకుంటే అడుగంటుతుంది. ఇక్కడి తర్కమూ అదే.

ఈ విలువ కోసం ఒక శతాబ్దం పైగా ఎందుకు వేచి ఉండవలసి వచ్చిందో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆ హద్దు వద్ద ఒక పఫ్ మరణించడానికి లేదా విడిపోవడానికి పట్టే సగటు కాలం, ద్రవం గొట్టపు వ్యాసమంత దూరం సాగే కాలానికి సుమారు 2 కోట్ల రెట్లు. పైన చెప్పిన 2 సెంటీమీటర్ల గొట్టంలో ఇది దాదాపు నెలన్నర. ఆలోగా పఫ్ సుమారు 400 కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. అంత పొడవైన గొట్టం ఏ ప్రయోగశాలలోనూ సాధ్యం కాదు. అందువల్ల పరిశోధకులు పరిమితమైన గొట్టాల్లో లెక్కకు మిక్కిలి పఫ్‌లను గమనించి, మరణ విభజనల సంభావ్యతల నుంచి ఈ కాలాన్ని రాబట్టారు.

5. నిండు సంక్షుబ్ధత, దాని ఉపశమనం

2040 దాటినంత మాత్రాన గొట్టమంతా సంక్షుబ్ధం కాదు. ప్రశాంత ఖండాలు, సంక్షుబ్ధ ఖండాలు పక్కపక్కనే ఉంటాయి. సంక్షుబ్ధ ఖండాలు తమంతట తాము వ్యాకోచిస్తూ ప్రశాంత జలాన్ని కబళించే దశ 2200, 2300 మధ్య మొదలవుతుందని 2015లో బార్‌క్లీ బృందం ప్రకటించిన ఫలితాలు తెలుపుతున్నాయి. పుస్తకాల్లోని 2300 ఈ దశకు దగ్గరగా ఉంది.

సంఖ్య ఒక్కటే సర్వం కాదనడానికి మరో నిదర్శనం 2018లో వెలువడింది. గొట్టంలోని వేగ వితరణను తగిన రీతిలో చదును చేస్తే, రెనాల్డ్స్ సంఖ్య తగ్గకుండానే సంక్షుబ్ధత పూర్తిగా కుప్పకూలుతుందని క్యూనెన్, హోఫ్ తదితరులు చూపారు. ఘర్షణ నష్టం 90 శాతం వరకు తగ్గిన సందర్భాలున్నాయి. ఆశ్చర్యమేమంటే, ఇందుకు వారు అనుసరించిన మార్గాలలో ఒకటి అలజడిని తొలుత మరింత పెంచడం.

6. ఉపసంహారం

పై పరిశీలనను బట్టి ‘సందిగ్ధ రెనాల్డ్స్ సంఖ్య ఎంత?’ అన్న ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయని చెప్పవచ్చు.

1. ధారారేఖా ప్రవాహాన్ని ఎంతవరకు కాపాడవచ్చు? దీనికి స్థిరమైన హద్దు లేదు, ప్రయోగ పరిస్థితులే నిర్ణాయకం.
2. రేగిన సంక్షుబ్ధత ఎక్కడి నుంచి నిలదొక్కుకుంటుంది? సుమారు 2040 నుంచి.
3. అది గొట్టాన్ని ఎప్పటి నుంచి ఆక్రమించుకోసాగుతుంది? 2200, 2300 మధ్య నుంచి.

బోధనలో ఈ మూడింటినీ విడదీసి చూపితే, ప్రయోగశాలలో తనకు 3500 వద్ద రంగుధార చెదిరిందని రాసిన విద్యార్థి కొలత తప్పు కాదని తేలుతుంది. అతడు కొలిచింది మొదటి ప్రశ్నకు జవాబు. దానిని రెండో ప్రశ్నకు ఉద్దేశించిన సంఖ్యతో పోల్చి మార్కులు తగ్గించడం సరికాదు. పరిశోధక విద్యార్థులకు కూడా ఇందులో ఒక సూచన ఉంది. ప్రకృతిలోని హద్దును కొలిచే ముందు, ఆ హద్దు దేనికి హద్దో నిర్వచించుకోవడం అవసరం. 1883లో రెనాల్డ్స్ రెండు రకాలుగా కొలవడానికి పూనుకోవడంలోని వివేకం అదే.