జీతం ఎంతో చెప్పుకుంటే తప్పా?

(రేడియో ప్రసంగ పాఠం)



మన ఊళ్ళలో ఇంటికొచ్చిన పెద్దాయన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టకముందే "ఏం బాబూ, జీతం ఎంతొస్తోంది?" అని అడిగేస్తాడు. అమెరికా వచ్చాక ఆ ప్రశ్న మనకి అడగకూడని ప్రశ్న అయిపోయింది. పైకి అడగం, చెప్పం. లోపల లెక్కలు కట్టడం మాత్రం మానం. నేను ఈ రెండు పనులూ చేశాను, రెండింటికీ నష్టం జరిగింది. ఈ రోజు వాటి గురించే చెప్తాను.

నాకు ఇరవయ్యెనిమిదేళ్ళున్నప్పుడు డాలస్‌లో ఒక పుట్టినరోజు పార్టీకి వెళ్ళాం. శాన్ హోసే నుంచి వచ్చిన నా బి.టెక్. క్లాస్‌మేటు మాటల్లో మాటగా తన జీతం రెండు లక్షల అరవై వేలన్నాడు. నాది అప్పుడు లక్షా పదిహేను వేలు. ఆ పూట పొద్దున్న లేచినప్పుడు ఆ జీతం నాకు బాగానే ఉంది. రాత్రి ఇంటికి డ్రైవ్ చేస్తున్నప్పుడు బాగాలేదు. "ఆయనకి పెరిగితే మీకేం తగ్గిందండీ?" అంది మా ఆవిడ. నా దగ్గర సమాధానం లేదు. ఆర్నెల్లు వాడికి ఫోన్ చెయ్యలేదు. వాడు చేసిన తప్పేమీ లేదు.

ఇది నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత తెలిసింది. డేవిడ్ కార్డ్, మరో ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు కలిసి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా ఉద్యోగుల మీద ఒక పరిశోధన చేసి 2012లో ప్రచురించారు. అక్కడ ప్రభుత్వోద్యోగుల జీతాలు ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. కొంతమంది ఉద్యోగులకి ఆ సంగతి గుర్తు చేసి, తర్వాత వాళ్ళ సంతృప్తి ఎలా ఉందని అడిగారు. తోటివాళ్ళలో మధ్యస్థాయి కంటే తక్కువ జీతం ఉన్నవాళ్ళకి అసంతృప్తి పెరిగింది. ఎక్కువ ఉన్నవాళ్ళకి మాత్రం సంతోషమేమీ పెరగలేదు. అంటే ఈ ఆటలో ఓడితే బాధ ఉంది గానీ, గెలిస్తే వచ్చేది పెద్దగా లేదు.

సరే, నా పోలికైనా సరైనదేనా? కాదు. వాడు చెప్పిన రెండు లక్షల అరవై వేలలో మూలజీతం లక్షా డెబ్భై అయిదు వేలు. మిగతాది బోనసు, కంపెనీ షేర్లు. షేర్లు ఇచ్చిన రోజు ధర ప్రకారం కట్టిన లెక్క అది. అవి సాధారణంగా నాలుగేళ్ళలో కొంచెం కొంచెంగా చేతికొస్తాయి, వచ్చేనాటికి ధర ఎంతుంటుందో ఎవరికీ తెలియదు. 2022లో మెటా షేరు ఒక్క ఏడాదిలో 60 శాతం పైగా పడిపోయింది. పైగా కాలిఫోర్నియాలో రాష్ట్ర ఆదాయపు పన్ను ఉంది, టెక్సాస్‌లో లేదు. అయితే టెక్సాస్‌లో ఇల్లు కొంటే ఆస్తిపన్ను గట్టిగానే పడుతుంది. ఇంటి అద్దె, పిల్లల డేకేర్, హెల్త్ ఇన్సూరెన్సుకి జీతంలోంచి కోసుకునే మొత్తం, 401(కె)కి కంపెనీ కలిపేది, ఇవన్నీ రాసుకుంటే గానీ రెండు జీతాలు పక్కపక్కన పెట్టడానికి పనికిరావు.

కన్సల్టింగులో ఉన్నవాళ్ళకి ఇంకో తిరకాసు ఉంది. "గంటకి 60 డాలర్లు" అనగానే ఏడాదికి 2,080 గంటలతో గుణించి 1,24,800 అనుకుంటాం. జీతంలేని సెలవు రెండు వారాలు, పండుగ సెలవులు పది రోజులు తీసేస్తే మిగిలేది 1,15,200. 1099 మీద పనిచేస్తే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులో కంపెనీ కట్టాల్సిన 7.65 శాతం కూడా మనమే కట్టుకోవాలి. ప్రాజెక్టుకీ ప్రాజెక్టుకీ మధ్య ఖాళీ వస్తే ఆ నెలలకి ఏమీ రాదు.

ఇంతవరకూ చెప్పింది నా అసూయ గురించి. దానివల్ల నష్టపోయింది నేనే. రెండో సంగతిలో నష్టపోయింది వేరే మనిషి.

మా కాలేజీలో జూనియర్ ఒకమ్మాయి మాస్టర్స్ పూర్తి చేసి, మొదటి ఆఫరు రాగానే నాకు ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఈ పనికి మీకెంత ఇస్తున్నారు? నేనెంత అడగచ్చు?" అంది. "అది మార్కెట్‌ని బట్టి ఉంటుందమ్మా" అన్నాను. మర్యాదగా తప్పించుకున్నాననుకున్నాను. ఆ అమ్మాయి వాళ్ళు ఇచ్చినదానికి ఒప్పుకుంది.

మూడేళ్ళ తర్వాత వేరే కన్సల్టింగ్ కంపెనీ తరఫున ఆమె మా క్లయింటు ఆఫీసుకే వచ్చింది. నేను చేసే పనే. అంతకు కొద్దిరోజుల ముందు బ్రేక్‌రూములో మైక్రోవేవ్ పక్కన గోడకి ఒక కాగితం అంటించారు. హెచ్-1బి కోసం కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంటుకి పెట్టే దరఖాస్తు, మనవాళ్ళు ఎల్‌సీఏ అంటారే, దాని నోటీసు. పని చేసే చోట పది రోజులు పెట్టాలని నిబంధన. ఉద్యోగం పేరు, ఇచ్చే జీతం అందులో ఉంటాయి, మనిషి పేరు ఉండదు. ఆమె చేరాక అది ఎవరిదో అర్థమైంది. నా జీతం కంటే 22,000 తక్కువ. నాకు అనుభవం ఎక్కువే, కానీ 22,000 తేడా వచ్చేంత కాదు. టీ తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడల్లా ఆ కాగితం కనపడేది.

నాలుగో రోజు ఆమెని కూర్చోబెట్టి నా జీతం ఎంతో చెప్పాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది అన్నయ్యా" అంది. అంతే అంది. కంపెనీని అడిగితే 9,000 పెంచారు. ఏడాది తర్వాత వేరే కంపెనీకి మారి మిగతా తేడా పూడ్చుకుంది. పోయిన మూడేళ్ళ డబ్బు మాత్రం పోయినట్టే.

కాబట్టి శ్రోతలకి, ముఖ్యంగా కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న పిల్లలకి నేను చెప్పేది ఇది. పార్టీలో విన్న అంకెతో పోల్చుకోకండి. అదే ఊళ్ళో, అదే పని, దాదాపు అంతే అనుభవం ఉన్నవాళ్ళతో తప్పకుండా పోల్చుకోండి. దానికి దారులున్నాయి. ఎల్‌సీఏ వివరాలు లేబర్ డిపార్ట్‌మెంటు అందరికీ అందుబాటులో పెడుతుంది. కంపెనీ, ఊరు, ఉద్యోగం పేరు బట్టి చూసుకోవచ్చు. అందులో బోనసులు, షేర్లు కనపడవని మాత్రం గుర్తుంచుకోండి. కొలరాడోలో 2021 నుంచి, న్యూయార్క్ నగరంలో 2022 నవంబరు నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2023 జనవరి నుంచి చాలా కంపెనీలు ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంతనుంచి ఎంతవరకో చెప్పాలి. మీరున్న ఊరు వేరైనా ఆ ప్రకటనలు చూస్తే ఒక అంచనా వస్తుంది.

"జీతం సంగతి ఎవరికీ చెప్పకూడదని మా కంపెనీలో రూలుందండీ" అని చాలామంది భయపడతారు. ప్రైవేటు ఉద్యోగులు తమ జీతాల గురించి ఒకరితో ఒకరు మాట్లాడుకునే హక్కుని 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం కాపాడుతుంది. సూపర్‌వైజర్లకీ, స్వతంత్ర కాంట్రాక్టర్లకీ అది వర్తించదు. మిగతా చాలామందికి వర్తిస్తుంది.

ఇప్పుడు ఎవరైనా జూనియర్ అడిగితే నేను మూలజీతం, బోనసు, ఇన్సూరెన్సు, ఎన్నేళ్ళ అనుభవానికి అది వచ్చిందో అన్నీ విడివిడిగా చెప్తున్నాను. చెప్పేటప్పుడు ఇప్పటికీ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అన్నట్టు, శాన్ హోసే మిత్రుడికి ఫోన్ చేశాను. ఈసారి నా జీతం ఎంతో ముందు నేనే చెప్పాను.