దేవుని కడపలో ఉగాది

చీనాదేశీయులు వసంతకాలమున, ఏప్రిలు 4 లేక 5వ తేదీని, తమ పెద్దల సమాధులను ఊడ్చి శుభ్రపఱచి, భోజ్యముల నుంచి నమస్కరింతురు. చింగ్‌మింగ్ అను ఈ పండుగను గూర్చి చదివినపుడు, మన సీమలో వసంతమున పెద్దలను తలచు రీతి యెట్టిదని మేము విచారించితిమి. సమాధుల యొద్దకు పోకయే, పెద్దలు కలిపిన చుట్టరికమును నిలుపుటచే వారిని గౌరవించు ఆచార మొకటి కడపలో కలదు.

కడప పట్టణమును చేరియున్న దేవుని కడపలో శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి ఆలయము కలదు. ఉత్తరమునుండి తిరుమలకు పోవు యాత్రికులకు ఇది గడప వంటిదనియు, అందుచేతనే ఊరికి కడప యను పేరు కలిగెననియు చెప్పుదురు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) ఈ కడపరాయనిపై సంకీర్తనలు రచించిరి. మాఘమాసమున బ్రహ్మోత్సవములు, రథసప్తమినాడు తేరు. జనసమ్మర్దమునకు అదియే కాలము. అయినను ముఖ్యముగ చూడదగినది ఉగాది యని మా యభిప్రాయము.

ఆనాటి ఉదయమున మహమ్మదీయ సోదరులు ఆలుబిడ్డలతో ఆలయమునకు వత్తురు. టెంకాయలు, పూలు, పండ్లు, బెల్లము తెచ్చి స్వామికి సమర్పించి, హారతి కన్నుల కద్దుకొని, తీర్థప్రసాదములు గైకొందురు. బీబీ నాంచారమ్మ తమ యింటి ఆడపడుచనియు, స్వామి తమకు అల్లుడనియు వారి నమ్మిక.

కథ యిది. ఢిల్లీ సుల్తాను కూతురొకతె తండ్రి చెంత నున్న స్వామివిగ్రహముపై మనసు నిలిపెను. వైష్ణవులు దానిని కొనిపోగా వెంబడించి వచ్చి, తుదకు స్వామియందే ఐక్యమయ్యెనట. కన్నడసీమలోని మేలుకోటలోను, తమిళదేశపు శ్రీరంగములోను ఈ కథయే వినవచ్చును. శ్రీరంగమున ఆమెకు రొట్టెలు నివేదింతురు. ఇది చరిత్రయా, కల్పనయా యను వాదమును పండితులకే విడుతము. కొత్త సంవత్సరమున కూతురిని, అల్లుని పలుకరింపకుండుట రాయలసీమ కుటుంబములలో ఎంత తప్పో చదువరు లెఱుగుదురు గదా!

మహమ్మదీయ సంవత్సరమునకు ఇంచుమించు 354 దినములే, అధికమాసము లేదు. కావున వారి పండుగలు ఋతువులన్నిటిని చుట్టివచ్చును. అధికమాసముండుటచే ఉగాది వసంతమును వీడదు. ఈ యొక్క దర్శనమునకు మాత్రము వారు తెలుగు పంచాంగమునే అనుసరింతురు. 2025లో ఉగాది మార్చి 30న, రంజాను పండుగ మరునాడు వచ్చినవి. అనగా ఉగాది ఉపవాసమాసమున కడపటి దినము. అయినను ఆ యేడును ఆచారము తప్పలేదు.

విగ్రహదర్శనము ఇస్లాము మతమునకు సరిపడదని దీని నొప్పనివారును కలరు. ఆ యాక్షేపణ తేలికగ త్రోసివేయదగినది కాదు. కాని వచ్చువారు మతము మార్చుకొని వచ్చుట లేదు. తాతముత్తాతలు నడచిన త్రోవను నడచుచున్నారు. కడపలోని అమీన్‌పీర్ దర్గాకు హిందువులు పోవుటయు ఇట్టిదే.

2022 వరకు కర్నూలు జిల్లాలో నుండి, నేడు నంద్యాల జిల్లాలో చేరిన రెండు క్షేత్రములలోను ఈ బంధుత్వమే కానవచ్చును. ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల యడవిలో కాలినడకను శ్రీశైలము చేరి, భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగ భావించి చీరసారెలు సమర్పింతురు. అహోబిలమున చెంచులక్ష్మిని పెండ్లాడిన నరసింహస్వామి చెంచులకు అల్లుడు. అక్కడ దేవుడే పిలువబోవును: సంక్రాంతి మరునాడు పారువేటకు బయలుదేరి, నలువది దినములకు పైగా పల్లకిలో ఊరూర తిరిగి, ఫాల్గుణమాసమున జరుగు తన కల్యాణమునకు ప్రజలను ఆహ్వానించును. బయలుదేరునపుడు చెంచులు పల్లకిపై బాణములు వేసి అల్లునికి మ్రొక్కుదురు.