యాగంటి చుట్టూ పాత బాటసారుల అడుగుజాడలు

క్రీ.శ. 2వ శతాబ్దంలో పౌసానియస్ అనే యాత్రికుడు గ్రీసు దేశమంతా తిరిగి, గుళ్ల గురించి, వాటి స్థలపురాణాల గురించి రాసిపెట్టాడు. అక్కడి శిథిలాలు చూడబోయేవాళ్లు నేటికీ ఆ పుస్తకాన్ని వెంటబెట్టుకెళ్తారు. మన యాగంటి క్షేత్రం వైపు వెళ్లేవాళ్లకూ అలాంటి పాత తోడు ఉంది.

మద్రాసు సుప్రీంకోర్టు దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగా సాగిన ఆ ప్రయాణంలో క్షేత్రాలతో పాటు దారి, నీళ్లు, దొరికే సరుకులు కూడా రాసుకున్నారు. నల్లమల అంచున నడవాలనుకునేవారు ఆయన 'కాశీయాత్ర చరిత్ర' చదివే వెళ్లాలి.

యాగంటిలో కొండలోంచి వచ్చే నీరు నంది నోటి నుంచి కోనేట్లోకి పడుతుంది. ఒకప్పుడు గుడిలోని నంది విగ్రహం, అంటే బసవన్న చుట్టూ ప్రదక్షిణ చేసేవారట. ఇప్పుడు స్తంభానికీ విగ్రహానికీ మధ్య మనిషి పట్టడు. బసవన్న పెరుగుతున్నాడని భక్తుల నమ్మకం.

అసలు అడుగుజాడల కథ బేతంచెర్ల దగ్గరి బిళ్లసర్గం గుహలది. అక్కడి ఎముకల గురించి న్యూబోల్డ్ అనే సైనికాధికారి 1844లో రాశాడు. నలభై ఏళ్ల తర్వాత రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఆ రాతల్ని పట్టుకునే వచ్చాడు. 1863లో పల్లవరంలో రాతిగొడ్డలి దొరికించుకున్న భూగర్భ శాస్త్రవేత్త ఈయనే. తవ్వకాలు సాగించింది ఆయన కొడుకు హెన్రీ. ఒక గుహకు 'కెథెడ్రల్' అని, ఇంకోదానికి 'చార్నెల్ హౌస్', అంటే ఎముకల కొట్టు అని పేర్లు పెట్టారు. దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి! 1886లో లిడెక్కర్ అనే శాస్త్రవేత్త దానికి 'రైనోసిరస్ కర్నూలియెన్సిస్' అని పేరు పెట్టాడు. మన కర్నూలు పేరు ఒక అంతరించిన జంతువుకు ఉందని బడిలో ఏ మాస్టారైనా చెబితే, పిల్లలు ఆ గుహలు చూడ్డానికి పరుగెత్తరూ?

ఇంకా పాత అడుగుజాడలూ ఉన్నాయి. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో నేలలో తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. సుమారు 74 వేల ఏళ్ల క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఇంత దూరం వచ్చి పడిన బూడిద అది. ఆ పొర కిందా, పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో పరిశోధకులు ప్రకటించారు. అంత పెద్ద ఉపద్రవం తర్వాతా ఇక్కడ మనుషులు ఉన్నారన్నమాట. అలాంటి పొరను తవ్వి అమ్ముకున్నారు. మిగిలిన కాస్తనైనా కంచె వేసి కాపాడాలి.