ముందు దరఖాస్తు, ఆ తర్వాతే టీజర్

ఫిలింనగర్‌లో కథ ఓ కొలిక్కి రాకముందే టైటిల్ ఫిల్మ్ చాంబర్ రిజిస్టర్‌లోకి ఎక్కేస్తుంది. మంచి పేరు తట్టిందంటే పక్కవాళ్లు తన్నుకుపోకముందే నమోదు చేయించుకోవాలని నిన్నగాక మొన్న వచ్చిన నిర్మాతకు కూడా తెలుసు. కథ రాసినవాళ్లు రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకుంటారు. డబ్బింగ్, రీమేక్, ఆడియో, శాటిలైట్, ఓటీటీ అంటూ ఒకే సినిమాను వేర్వేరు హక్కులుగా విడదీసి అమ్మే విద్యలో జూబ్లీహిల్స్ ఆఫీసులకు సాటి వచ్చేవి దేశంలో కొద్దే. అయితే ఇలా అమ్ముడుపోయే హక్కులు దాదాపు అన్నీ కాపీరైటు చట్టం కిందివే. సినిమా తీయడానికి కొత్తగా తయారుచేసుకున్న యంత్రాన్ని, ఆ యంత్రం పనిచేసే తీరును కాపాడేది కాపీరైటు కాదు, పేటెంటు. ఆ మాట ఇక్కడ చాలా అరుదుగా వినిపిస్తుంది. కాపీరైటు విషయంలో అక్కరకొచ్చే తెలివి పేటెంటు విషయంలో పనికిరాదు. ఒక్కోసారి అదే కొంప ముంచుతుంది. సినిమా సాంకేతిక నిపుణులకు, వాళ్ల ఇరుగుపొరుగున ఉన్న వైద్యులకు, చిప్‌లు రూపొందించే ఇంజినీర్లకు ఈ తేడా తెలియాలి.

ఈ తేడాను ఎత్తి చూపే ఉదంతం కంప్యూటర్ల చరిత్రలో ఉంది. స్విచ్ వేయగానే కంప్యూటర్‌కు ఏమీ తెలియదు. ప్రాసెసర్ మొట్టమొదట ముందే ఖాయం చేసిన ఒక చిరునామాకు వెళ్లి, అక్కడి చిప్‌లో చెరగకుండా రాసిపెట్టిన ఆదేశాలు చదువుతుంది. మెమరీ ఉందా, కీబోర్డు పలుకుతోందా అని చూసుకుని, డిస్కులోని తొలి భాగాన్ని లోపలికి తెచ్చుకుని, పగ్గాలు దానికి అప్పగిస్తుంది. ఈ ఆదేశాల మూటే బయోస్. 1981 ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసినప్పుడు బయోస్ పాఠాన్ని సాంకేతిక పుస్తకంలో అచ్చేసి మరీ ఇచ్చింది. కాపీరైటు ఉంది కదా, ఎవరూ ముట్టుకోలేరనుకుంది. కాంపాక్ కంపెనీ ఒక దారి కనిపెట్టింది. ఒక జట్టు ఆ పాఠాన్ని చదివి, అది చేసే పనులేమిటో మాత్రం రాసిచ్చింది. ఆ పాఠాన్ని కంటితో చూడని మరో జట్టు, అవే పనులు చేసే కొత్త ఆదేశాలను సొంతంగా రాసింది. కాపీరైటు ఉల్లంఘన జరగలేదు, యంత్రం మాత్రం ఐబీఎం యంత్రంలాగే నడిచింది. తర్వాత ఫీనిక్స్ అనే కంపెనీ ఇదే పద్ధతిలో తయారుచేసిన బయోస్‌ను అడిగినవాళ్లందరికీ అమ్మింది. మార్కెట్ ఐబీఎం చేతుల్లోంచి జారిపోయింది.

ఫిలింనగర్ రచయితలకు ఇది కొత్త సంగతేం కాదు. ఆర్.జి.ఆనంద్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైటు ఉండదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుంది. అన్నదమ్ములు విడిపోయి కలిసే కథను ఎవరైనా ఎన్నిసార్లయినా తీసుకోవచ్చు. కథల లోకంలో ఆ స్వేచ్ఛ ఉండాల్సిందే. కానీ కొత్త యంత్రం కనిపెట్టిన మనిషికి విలువంతా అది చేసే పనిలోనే ఉంటుంది. దాని డ్రాయింగుకో, మాన్యువల్‌లోని వాక్యాలకో రక్షణ ఉంటే సరిపోదు. పని చేసే తీరును కాపాడేది ఒక్క పేటెంటే.

ఐబీఎంకు ఆ పనిమీదే హక్కు ఉండి ఉంటే చవక కంప్యూటర్లు మన ఇళ్లకు అంత త్వరగా వచ్చేవా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఆ భయంతోనే మన పేటెంటు చట్టం 3(కె) క్లాజు కింద, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామ్‌గా మాత్రమే ఉన్నదానికి పేటెంటు ఇవ్వరాదంటోంది. ఆ గీత ఉండాలి. అయితే ఆ గీతకు అవతల ఏముందో కూడా చూడాలి. ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు 2019 డిసెంబరులో, ప్రోగ్రామ్ ఉన్నంత మాత్రాన ఆవిష్కరణను తోసిపుచ్చకూడదనీ, అది యంత్రం మీద చూపే సాంకేతిక ప్రభావాన్ని పరిశీలించాలనీ చెప్పింది. డిజిటల్ సినిమా సర్వర్‌నే తీసుకుందాం. అందులోని సినిమా తాళం వేసి ఉంటుంది. ఏ సర్వర్‌లో, ఏ తేదీ ఏ గంట నుంచి ఏ గంట వరకు తెరుచుకోవాలో చెప్పే తాళంచెవి ఫైలు విడిగా వస్తుంది. థియేటర్ల వాళ్లు కేడీఎం అనేది దాన్నే. ఒక సర్వర్‌కు వచ్చిన తాళంచెవి పక్క స్క్రీన్ సర్వర్‌లో పనిచేయదు. గడియారం వెనక్కి తిప్పినా, పెట్టె విప్పినా యంత్రం ఒప్పుకోదు. బెనిఫిట్ షోకి జనం గేటు దగ్గర నిలబడి ఉండగా తాళంచెవి అందక ఆట ఆలస్యమైతే ఆ గండం ఏమిటో డిస్ట్రిబ్యూటర్లకు బాగా తెలుసు. ఇలా హార్డ్‌వేర్‌తో ముడిపడిన పద్ధతులు 3(కె) గడప దగ్గరే ఆగిపోనక్కర్లేదు.

ఇప్పుడు అసలు చేటు సంగతి. యంత్రం చరిత్రలో సినిమావాళ్లకు స్టెడీకామ్‌ను మించిన పాఠం లేదు. 1970ల్లో అమెరికాకు చెందిన గారెట్ బ్రౌన్ కెమెరాను మనిషి నడక కుదుపుల నుంచి విడదీసే పరికరం తయారుచేశాడు. ఒంటికి తొడుక్కునే కవచం, దానికి స్ప్రింగుల చెయ్యి, ఆ చేతి చివర అన్ని వైపులా తిరిగే కీలు, పైన కెమెరా, కింద దానికి సరితూగే బరువు. బరువులు ఇలా దూరదూరంగా పరచడంతో కెమెరా చటుక్కున ఒరగడానికి మొరాయిస్తుంది. మెట్లమీద పరిగెత్తినా బొమ్మ తేలుతూ వస్తుంది. బ్రౌన్ కొన్ని షాట్లు తీసి హాలీవుడ్‌కు పంపాడు. ఆ రీలు చూసిన దర్శకులు ఇదెలా సాధ్యమని తలపట్టుకున్నారు. ఎందుకంటే ఫలితం చూపించాడు గానీ, పరికరాన్ని చూపించలేదు. 1974లో దరఖాస్తు వేశాడు, 1977లో పేటెంటు వచ్చింది. ఆలోగా ‘రాకీ’ సినిమాలో ఆ పరికరం లోకమంతా చూసేలా మెట్లెక్కింది. ఇవాళ ఫిలింనగర్ కెమెరా అసిస్టెంట్ల చేతుల్లోని గింబల్‌లో స్ప్రింగుల బదులు సెన్సర్లు, చిన్న మోటార్లు ఉంటాయి. ఆన్ చేశాక కొన్ని క్షణాలు కదపకుండా ఉంచితే తనున్న స్థితిని కొలుచుకుని, ఆ తర్వాత ప్రతి వణుకుకూ ఎదురు తిప్పు తిప్పుతుంది. పరికరం మారినా, ముందు దరఖాస్తు వేసి తర్వాతే బయటపెట్టాలన్న వరస మారలేదు.

మన సినిమాకు అలవాటైన వరస దీనికి తలకిందులు. ముందు ఫస్ట్ లుక్, తర్వాత టీజర్, ఆపైన మేకింగ్ వీడియో. 2015 జులైలో ‘బాహుబలి’ వచ్చినప్పుడు భల్లాలదేవుడి రథంలో రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంజిను పెట్టామనీ, లోపల మనిషి కూర్చుని స్టీరింగు తిప్పాడనీ కళాదర్శకుడు సాబు సిరిల్ పత్రికలకు సంబరంగా చెప్పారు. చదివినవాళ్లం అందరం ముచ్చటపడ్డాం. ఆ రథానికి పేటెంటు వచ్చేదని కాదు ఇక్కడ వాదన. మన సెట్ల మీద మేకులు, మోటార్లు, తాళ్లతో నిత్యం పుట్టే ఉపాయాల్లో నిజంగా కొత్తది ఒకటి ఉన్నా, అది కూడా ఇలాగే ఇంటర్వ్యూలో బయటపడిపోతుంది. బయటపడిన మరుక్షణం, చట్టం దృష్టిలో అది కొత్తది కాదు. ఎవరో కాపీ కొట్టడంవల్ల కాదు, సొంత మనిషే చూపించేయడంవల్ల హక్కు పోతుంది. అమెరికాలోనైతే ఆవిష్కర్త తానే బయటపెట్టినా ఏడాది గడువు ఉంటుంది. మన చట్టంలోని 31వ సెక్షన్ ఇచ్చే సడలింపు చాలా ఇరుకు: కేంద్రం నోటిఫై చేసిన ప్రదర్శనలో పెట్టినా, పండిత సంఘం ముందు పత్రం చదివినా పన్నెండు నెలల్లోగా దరఖాస్తు వేసుకోవచ్చు. యూట్యూబ్‌లో పెట్టిన మేకింగ్ వీడియోకు ఆ దయ లేదు.

మరి దాచుకుంటే సరిపోదా, పేటెంటు ఎందుకు అంటారు కొందరు. ‘మాయాబజార్’ గుర్తు చేసుకుంటే చాలు. 1957లో మార్కస్ బార్ట్‌లే కెమెరాతో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరివచ్చిన తీరు, స్టూడియోలో వెన్నెల కురిసిన తీరు ఇప్పటికీ కెమెరామన్లు తలోరకంగా చెప్పుకుంటారు. ఎవరికి వారు ఊహించుకోవాల్సి వస్తోంది. పేటెంటు ఇందుకు విరుగుడు. దరఖాస్తు వేసిన పద్దెనిమిది నెలలకు అది ప్రచురితమవుతుంది. ఆ విద్య తెలిసినవాళ్లు ఎవరైనా చదివి తయారుచేసుకోగలిగేంత వివరంగా రాయకపోతే పేటెంటు చెల్లదు. ఇరవై ఏళ్ల తర్వాత అది అందరిదీ. గురువు నుంచి శిష్యుడికి చెవిలో చెప్పుకునే విద్య గురువుతోనే పోతున్న పరిశ్రమలో, ఆ రాతప్రతి విలువ డబ్బు విలువకు తక్కువేం కాదు.

సినిమాకీ వైద్యానికీ ఈ కొండల మీద పాత చుట్టరికమే ఉంది. ఎల్.వి.ప్రసాద్ కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళాలతో బంజారాహిల్స్‌లో కంటి ఆసుపత్రి వచ్చింది. జూబ్లీహిల్స్ అపోలో 1988 నుంచి ఉంది. ఫైట్ సీన్లలో ఎముకలు విరగ్గొట్టుకునే ఫైటర్లున్న పేటకు ఎముక వైద్యం దూరపు విషయం కాదు. విరిగిన ఎముక సాధారణంగా తనంతట తాను అతుక్కుంటుంది. పెద్ద ఖాళీ ఏర్పడితే మాత్రం అతుక్కోదు. అక్కడ కొత్త ఎముకను పుట్టించే దారి చూపిన పరిశోధకుల్లో మద్రాసులో పుట్టిన ఎ.హరి రెడ్డి ఒకరు. అమెరికాలో కుబేర్ సంపత్‌తో కలిసి 1981లో ఆయన ప్రచురించిన ప్రయోగం చాలా అందమైనది. ఖనిజాలు తీసేసిన ఎముక పొడిని ఎలుక చర్మం కింద పెడితే అక్కడ ఎముక పుడుతుందని అప్పటికే తెలుసు. వీళ్లు ఆ పొడిలోంచి కరిగే పదార్థాన్ని వేరుచేశారు. కరిగినదాన్ని ఒక్కదాన్నే పెడితే ఎముక రాలేదు. మిగిలిన పొడిని ఒక్కదాన్నే పెట్టినా రాలేదు. రెండూ మళ్లీ కలిపి పెడితే వచ్చింది. అంటే కణాలకు పని చెప్పే ప్రొటీను కావాలి, ఆ కణాలు పట్టుకుని నిలబడే ఆధారమూ కావాలి. 2002లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం పొందిన వెన్నెముక ఉత్పత్తి కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది: కొల్లాజెన్ స్పాంజికి ప్రొటీను పట్టించి, లోహపు పంజరంలో ఉంచి, పూసల మధ్య పెడతారు.

మన చట్టం ఇక్కడ ఒక మంచి గీత గీసింది. 3(ఐ) ప్రకారం చికిత్సా పద్ధతికి, శస్త్రచికిత్సా విధానానికి పేటెంటు లేదు. ఏ సర్జనూ ఆపరేషన్ మధ్యలో ఈ కోత ఎవరి సొత్తో అని ఆలోచించే దుస్థితి రాకూడదు. కానీ ఆ స్పాంజి, ఆ పంజరం, ఎముక ఖాళీని నింపే కొత్త పదార్థం, వాటిని తయారుచేసే ప్రక్రియ చికిత్సలు కావు. వాటికి దారి తెరిచే ఉంది. హైదరాబాద్‌కు ఈ పని చేతకాదనడానికి వీల్లేదు. అబ్దుల్ కలాం ఇక్కడి క్షిపణి ప్రయోగశాలలో ఉన్నప్పుడు, నిమ్స్ ఎముకల వైద్యుడొకరు అక్కడి తేలికపాటి పదార్థాన్ని చేతిలోకి తీసుకుని చూసి, ఆయన్ను తన వార్డుకు తీసుకెళ్లారు. మూడు కిలోలకు పైగా బరువున్న ఇనుప కాలిపర్లు ఈడ్చుకుంటున్న పిల్లల కోసం మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయి. వైద్యుడూ ఇంజినీరూ ఒక గదిలో నిలబడితే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పేటెంటు అంటేనే ధరలు ఆకాశానికంటుతాయన్న అభ్యంతరం బలమైనది. దానికి జవాబు కూడా ఈ పక్కనే ఉంది. బంజారాహిల్స్‌లో ప్రధాన కార్యాలయమున్న నాట్కో ఫార్మాకు 2012 మార్చిలో, బేయర్ కంపెనీ క్యాన్సర్ మందు మీద దేశంలోనే తొలి కంపల్సరీ లైసెన్సు దక్కింది. నెలకు 2,80,000 రూపాయలు దాటే మందు 8,800కు వచ్చింది. బేయర్‌కు రాయల్టీ అందేలా నిర్ణయించారు. పేటెంటు రద్దు కాలేదు, మందూ రోగికి అందింది. పేటెంటు ఇచ్చే చట్టంలోనే దాన్ని అదుపు చేసే పగ్గమూ ఉందన్నమాట. ఇక పేటెంటు ఉంటే నాణ్యత ఉన్నట్టేననుకునేవాళ్లూ ఉన్నారు, అది పొరపాటు. పైన చెప్పిన వెన్నెముక ప్రొటీను దుష్ప్రభావాలను తొలి అధ్యయనాలు తక్కువచేసి చూపాయని 2011లో వెన్నెముక వైద్యుల పత్రిక ఒక సంచికలో దుమ్మెత్తిపోసింది. కొత్తదనాన్ని తేల్చేది పేటెంటు ఆఫీసు, భద్రతను తేల్చేది మందుల నియంత్రణ సంస్థ. ఒకదాని ముద్ర చూసి రెండోదాన్ని నమ్మకూడదు.

దినభత్యం మీద బతికే సెట్ టెక్నీషియన్‌కు ఈ ఖర్చులు భరించే శక్తి ఎక్కడిదంటారా? వ్యక్తి ఆన్‌లైన్‌లో వేసే దరఖాస్తుకు ప్రభుత్వ రుసుము 1,600 రూపాయలు. తెలుగు రాష్ట్రాల దరఖాస్తులు చెన్నై కార్యాలయానికి చెందుతాయి. ఆవిష్కరణ పూర్తిగా తేలకపోయినా తాత్కాలిక వివరణతో తేదీ సంపాదించుకుని, పూర్తి వివరణ పన్నెండు నెలల్లోగా ఇవ్వవచ్చు. టీజర్ తేదీ ముంచుకొస్తున్న యూనిట్‌కు ఇంతకంటే అనుకూలమైన ఏర్పాటు లేదు. పరీక్ష రుసుము, రాయించే నిపుణుల ఫీజు, ఏటా కట్టాల్సినవి వేరే ఉంటాయి, అవి చిన్నవేం కావు. అందుకే ఆ భారం నిర్మాణ సంస్థ భుజాన ఉండాలి. ఇక్కడే ఒక చిక్కుంది. సంస్థ డబ్బు పెడితే హక్కు సంస్థదవుతుంది, అది సహజమే. మన ఒప్పంద పత్రాలు ‘సర్వహక్కులూ’ అనే ఒక్క మాటతో మనిషి చేతిపనినంతా ఊడ్చేస్తే మాత్రం అన్యాయం. కొత్త పరికరం పుడితే దరఖాస్తు ఎవరు వేస్తారు, వేరే సినిమాకు అద్దెకిస్తే తయారుచేసిన మనిషికి వాటా ఎంత, ఈ రెండూ ఒప్పందంలో విడిగా రాయాలి. సంఘాలు నిర్మాతలతో వేతనాల గురించి కూర్చున్నప్పుడు దీన్నీ బల్లమీద పెట్టాలి. హక్కు ఎవరికి అమ్ముడుపోయినా, పేటెంటు పత్రంలో ఆవిష్కర్తగా తన పేరు రాయమని కోరే అధికారం 28వ సెక్షన్ కింద ఆ టెక్నీషియన్‌కు ఇప్పటికే ఉంది.